రెండు ముళ్ళ సాక్ష్యం

నేను ఒక గేజీ సెట్టును. పేరు వినగానే నా రూపం మీ కళ్ళ ముందుకు రాకపోతే తప్పు మీది కాదు. కారులో ఏసీ చల్లగా వస్తున్నంత కాలం నాలాంటిది ఒకటి లోకంలో ఉందని ఎవరికీ గుర్తుండదు. అది ఆగిపోయి, చొక్కా వీపుకు అంటుకుపోయి, అద్దాలు దించుకుని షెడ్డు ముందు దిగినప్పుడు మాత్రం మేస్త్రి చేతిలో వేలాడుతూ కనిపిస్తాను. జానెడు ఇత్తడి దిమ్మ నా ఒళ్ళు. దాని మీద రెండు గుండ్రటి ముఖాలు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఒక్కో ముఖంలో ఒక్కో ముల్లు. కిందికి మూడు రబ్బరు గొట్టాలు. నీలం ముఖానికి నీలం గొట్టం, ఎర్ర ముఖానికి ఎర్ర గొట్టం, నడుమ పసుపుది.

ఏసీ లోపల గ్యాసు ఎడతెగకుండా తిరుగుతూ ఉంటుంది. ఒక పక్క తక్కువ ఒత్తిడితో చల్లగా వస్తుంది, రెండో పక్క ఎక్కువ ఒత్తిడితో వేడిగా పోతుంది. చల్లటి పక్క సంగతి నా నీలం ముల్లు చెబుతుంది, వేడి పక్క సంగతి ఎర్రది చెబుతుంది. పసుపు గొట్టం గ్యాసు నింపడానికీ, లోపలి గాలి లాగెయ్యడానికీ. ఇంతే నా విద్య. కొంచెమే అయినా నిక్కమైన విద్య. వైద్యుడికి నాడి ఎలాగో ఏసీ మేస్త్రికి నేనలాగ. మణికట్టు పట్టుకున్న ప్రతివాడూ వైద్యుడు కాడన్న సంగతి మాత్రం నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

పూనా శివారులో ఒక రేకుల కార్ఖానాలో నన్ను తయారు చేశారు. చివరి బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ నాలోకి కొలిచిన ఒత్తిడి పంపి, పెద్ద గేజీ ఎంత చూపిస్తే నేనూ అంతే చూపించేదాకా సన్నటి స్క్రూడ్రైవరుతో నా మరలు తిప్పింది. ఆ రోజు నాతోపాటు పరీక్షకు వచ్చిన నలభై సెట్లలో మూడింటిని పక్కకు నెట్టేసింది. నన్ను నెట్టలేదు. ఇది గొప్ప చెప్పుకోవడం అనుకుంటే అనుకోండి. నా జాతికి పొగరు కొంచెం ఎక్కువే.

నన్ను మొదట కొన్నవాడు గుంటూరులో పున్నారావు. మంచి మాటకారి. నన్ను మెడలో దండలా వేసుకుని షెడ్డంతా తిరిగేవాడు. బండి రాగానే గొట్టాలు తగిలించేవాడు, నా వైపు ఒక చూపు విసిరేవాడు, నా ముళ్ళు ఇంకా కుదురుకోకముందే, "గ్యాస్ అయిపోయిందండీ," అనేవాడు. ఫ్యాను తిరక్కపోయినా గ్యాసే, బెల్టు జారినా గ్యాసే, వైరు తెగినా గ్యాసే. బండివాళ్ళు కూడా అదే మాట కోసం వచ్చినట్టు తలూపేవాళ్ళు. మనిషికి తెలియని నిజం కన్నా తెలిసిన అబద్ధం మీద గురి ఎక్కువ. నేను అతని మెడలో ఆరేళ్ళు ఉన్నాను. ఆ ఆరేళ్ళలో ఆరు నిమిషాలైనా అతను నన్ను కుదురుగా చూసి ఉండడు. ఆ తరువాత భూముల బేరాల్లోకి దిగి, పనిముట్లన్నీ గంపగుత్తగా అమ్మేశాడు.

అలా నేను నరసరావుపేట చేరాను. వినుకొండ రోడ్డులో కానుగచెట్టు కింద రేకుల షెడ్డు, దాని యజమాని నూర్‌బాషా దరియావలి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట తక్కువ. నన్ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు కిరసనాయిలు తడిపిన గుడ్డతో నా అద్దాలు తుడిచి, ముళ్ళు సున్నా దగ్గర నిలబడ్డాయో లేదో చూసి, అప్పుడు మేకుకు తగిలించాడు. ఆ మేకు మీద ఉన్న మొదటి రోజే నాకు బతుకు మీద ఆశ పుట్టింది.

దరియావలికి ఒక అలవాటు. నన్ను బండికి తగిలించాక స్టూలు లాక్కుని నా ఎదుట కూర్చునేవాడు. చెవి ఇంజను వైపు, కన్ను నా వైపు. బండివాళ్ళు విసుక్కుంటే, "ముల్లు ఎక్కడ నిలబడిందో అందరూ చూస్తారు బాబూ. ఎట్టా నడిచి అక్కడికొచ్చిందో చూస్తే గదా దాని బాధ తెలిసేది," అనేవాడు. పదకొండేళ్ళు అతని చేతిలో పనిచేశాను. ఆ పదకొండేళ్ళలో నేను చెప్పినదాన్ని అతను తప్పు చదివింది లేదు.

కానీ అతని కళ్ళు అతన్ని మోసం చేశాయి. షుగరు ముదిరి చూపు మందగించింది. మొదట చిన్న గీతలు పోయాయి, తరువాత అంకెలు పోయాయి. ఒక రోజు నా ముఖానికి బెత్తెడు దూరంలో మొహం పెట్టి చూసినా అతనికి అంకె ఆనలేదు. అదే సమయానికి అన్నం క్యారేజీతో అతని భార్య సైదమ్మ వచ్చింది.

"సైదా, నీలం ముల్లు ఏ అంకె మీదుందో చూసి చెప్పు," అన్నాడు.

ఆమె క్యారేజీ కింద పెట్టి వంగి చూసింది. "నలభైకి రెండు గీతలు కిందుంది."

"ఎర్రది?"

"నూట తొంభై. అయితే అది కుదురుగా లేదయ్యా. వణుకుతోంది."

దరియావలి తల తిప్పి ఆమె వైపు చూశాడు. వణుకుతోందన్న సంగతి అతను అడగలేదు. పున్నారావు ఆరేళ్ళలో చూడనిది ఆమె మొదటి చూపులోనే చూసింది.

సైదమ్మ పరుపులు కుట్టే ఇంటి పిల్ల. వాళ్ళ నాన్న వింటితో దూది ఏకుతుంటే నారి మోత మారగానే, గింజ తగిలిందని పక్క గదిలోంచే చెప్పేదట. పదో తరగతి దాకా చదువుకుంది. ఆ రోజు మొదలు క్యారేజీతో వచ్చినామె సాయంత్రం దాకా షెడ్డులోనే ఉండేది. ఆమె చదివేది, అతను చెప్పేవాడు. కొన్నాళ్ళకు ఆమె చదివి, అర్థం కూడా తనే చెప్పేది, అతను అవునని తలూపేవాడు. మరికొన్నాళ్ళకు పానాలు, స్క్రూడ్రైవర్లు ఆమె చేతిలోకి వచ్చాయి. అతను మడతకుర్చీలో కూర్చుని పైపుల మీద చెయ్యి వేసి చల్లదనం, వేడి చెప్పేవాడు. ఇద్దరూ కలిసి ఒక్క మేస్త్రి. నా లెక్కలో అంతకన్నా మంచి మేస్త్రి ఆ జిల్లాలో లేడు.

జనానికి ఆ లెక్క ఎక్కలేదు. కారు ఆపి లోపలికి తొంగి చూసేవాళ్ళు.

"మేస్త్రి లేడా అమ్మా?"

"నేనే. చెప్పండి, ఏమైంది?"

"ఊరికే, మళ్ళీ వస్తాంలే." బండి ముందుకు కదిలేది. మళ్ళీ వచ్చినవాళ్ళు తక్కువ. ఎండాకాలం, రోడ్డు నిండా బండ్లు, నేను మాత్రం మేకు మీద. బండి చప్పుడు ఆగి మళ్ళీ సాగిపోయిన ప్రతిసారీ దరియావలి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకోవడం నాకు కనిపించేది.

అలాంటి ఒక మే నెల ఉదయం, ఎనిమిదింటికి, ఒక తెల్ల బస్సు వచ్చి ఆగింది. చిన్న బస్సు, పక్కన ఎర్రటి రక్తపు చుక్క బొమ్మ. ఊరూరా తిరిగి, బస్సులోనే మంచాలు వేసి రక్తదానం చేయించుకునే బండి. దాని డ్రైవరు ప్రభుదాసు, యాభై ఏళ్ళ మనిషి, కిందికి దిగి నీళ్ళడిగి తాగాడు. ఇతనూ మేస్త్రి ఎక్కడని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. అడిగే ఓపిక కూడా అతనికి మిగల్లేదు.

"నలుగురికి చూపించానమ్మా. కంప్రెసరు పోతే మొదటాయన కొత్తది వేశాడు. తరవాత ముగ్గురూ గ్యాసు నింపారు. ఆళ్ళ షెడ్డులో ఉన్నంతసేపు మంచులా వస్తంది. రోడ్డెక్కి అరగంటైతే వేడిగాలి. బండి గంటసేపు ఆపితే మళ్ళీ చల్లగా వస్తంది. వెనక్కి తీసుకెళ్తే, బానే ఉంది గదా, నీ చెయ్యి మంచిది కాదంటన్నారు."

మొన్న పిడుగురాళ్ళలో రక్తం ఇస్తూ ఇస్తూ ఇద్దరు ఉక్కకు కళ్ళు తిరిగి పడిపోయారట. బస్సులో ఉండే డాక్టరమ్మ శిబిరం ఆపేసిందట. డెబ్బై మంది వస్తే పదకొండు సంచులతో తిరిగొచ్చారట. ఎండాకాలం కాలేజీలు ఉండవు, రక్తమిచ్చే కుర్రాళ్ళు దొరకరు. ఒంట్లో రక్తం తయారుకాక, నెలకు రెండుసార్లు ఎక్కించుకుంటే తప్ప నిలబడలేని పిల్లలు వాళ్ళ రక్తనిధి జాబితాలో నలభై మంది ఉన్నారు. రేపు మాచర్లలో శిబిరం.

"రేపు కూడా ఆగిపోతే బస్సు పక్కన పెట్టేద్దామంటన్నారమ్మా పెద్దోళ్ళు. నా ఉద్యోగం సంగతి తరవాత. ఆ పిల్లల్ని ఎక్కించుకోటానికి తెచ్చే తల్లులు నాకు మొహాలతో సహా తెలుసు. ఆళ్ళకేం చెప్పను?"

సైదమ్మ వచ్చి నన్ను మేకు మీద నుంచి తీసింది.

బస్సులో ఉన్న క్లీనరు కుర్రాడి చేత ఇంజను స్టార్టు చేయించి నా గొట్టాలు తగిలించింది. నీలం ముప్పై ఆరు, ఎరుపు రెండు వందల పది. మే నెల ఎండలో ఆరోగ్యమైన ఏసీ ఎలా ఉండాలో అలా ఉంది. లోపల చల్లటి గాలి వస్తోంది.

"ఇదేనమ్మా అందరూ చూసింది," అన్నాడు ప్రభుదాసు నిరాశగా.

"అందరూ ఎంతసేపు చూశారన్నా?"

"ఎంతసేపేంది, రెండు నిమిషాలు."

"నీ రోగం అరగంటకు గదా వచ్చేది." ఆమె స్టూలు లాక్కుని నా ఎదుట కూర్చుంది. "నువ్వూ కూర్చో. తలుపులు మూసెయ్. రోడ్డు మీద ఇంజను ఎట్టా పరుగెడతదో అట్టా రేసు పట్టుకోమని లోపల మీవాడికి చెప్పు."

పది నిమిషాలు గడిచాయి. నేను కదల్లేదు. ఇరవై నిమిషాలు. ప్రభుదాసు వాచీ చూసుకున్నాడు, నుదురు తుడుచుకున్నాడు, లేచి మళ్ళీ కూర్చున్నాడు. సైదమ్మ కళ్ళు నా మీద నుంచి తిప్పలేదు. కొంగు జారితే చూడకుండానే సర్దుకుంది. నన్ను అంతసేపు అలా చూసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఇద్దరూ ఆ షెడ్డులోనే ఉన్నారు.

ఇరవై ఏడో నిమిషాన నా నీలం ముల్లు సన్నగా కదిలింది.

"దిగుతోంది," అంది ఆమె.

కుర్చీలో దరియావలి ముందుకు వంగాడు. "ఎట్టా దిగుతోంది? గబుక్కునా, మెల్లగానా?"

"మెల్లగా. ముప్పై. ఇరవై ఐదు. ఎర్రది కూడా వస్తోంది కిందికి. నీలంది పదిహేను. ఐదు. సున్నా." ఆమె లేచి నిలబడింది. "సున్నా కూడా దాటిందయ్యా. సున్నా కిందికి పోతోంది."

బస్సు లోపల నుంచి, వేడిగాలి వస్తోందన్న కేక వినిపించింది. ప్రభుదాసు తల పట్టుకున్నాడు. "మళ్ళీ గ్యాసు పోయిందంటావా అమ్మా?"

"గ్యాసు పోతే పోయినట్టే ఉంటది గానీ, గంట పడుకుని తిరిగి రాదన్నా. గ్యాసుంది. దారే మూసుకుంది."

ఏసీలో ఒకచోట గ్యాసు సూది బెజ్జమంత సందులోంచి దూరి చల్లబడుతుంది. ఆ సందున్న బిళ్ళను వాల్వు అంటారు. సైదమ్మ బస్సెక్కి, పై మూత విప్పి ఆ వాల్వు బయటపెట్టింది. కిందికి తొంగి చూసి, పక్కన టీకొట్టులో మరిగే నీళ్ళు ఒక చెంబుడు తెమ్మంది.

టీకొట్టు దగ్గర నిలబడ్డ ఇద్దరు ముగ్గురు నవ్వారు. "ఏసీకి వేణ్ణీళ్ళు పోయడం ఇప్పుడే చూస్తన్నాం," అన్నాడొకడు. ఆమె వినిపించుకోలేదు. తువ్వాలు వేణ్ణీళ్ళలో ముంచి వాల్వుకు చుట్టింది.

"ప్రభుదాసన్నా, నువ్వు ఆ నీలం ముల్లు చూస్తా ఉండు. ఏమైతే అది చెప్పు."

ప్రభుదాసు నా ఎదుట గొంతుక్కూర్చున్నాడు. ఒక నిమిషం. నా లోపల సన్నగా ఊపిరి ఆడింది. ముల్లు సున్నా దాటి పైకి వచ్చింది.

"లేస్తందమ్మా," అన్నాడు. "పది. పాతిక. ముప్పై ఐదు. ఆగింది, ముప్పై ఆరు మీద ఆగింది."

"గాలి?"

"చల్లగా వస్తోంది," అని లోపల నుంచి జవాబు వచ్చింది. నవ్విన వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని బస్సు దగ్గరకు వచ్చారు.

సైదమ్మ చేతులు తుడుచుకుంటూ దిగింది. "లోపల తడి ఉందన్నా. కంప్రెసరు మార్చినప్పుడు గొట్టాలు విప్పి వదిలేసుంటారు, గాలిలో తడి దూరింది. తరవాత లోపలి గాలి సరిగ్గా లాగకుండా గ్యాసు నింపేశారు. బండి చల్లబడేకొద్దీ ఆ తడి ఆ బెజ్జంలో మంచై అడ్డం పడుతోంది. ఆపితే కరుగుతోంది. నాలుగు సార్లు గ్యాసు నింపినా, నలభై సార్లు నింపినా ఇంతే."

ఒక్క నీటి బొట్టు. నలుగురు మేస్త్రులు, నాలుగు సార్లు గ్యాసు, ఒక కొత్త కంప్రెసరు, పిడుగురాళ్ళలో కళ్ళు తిరిగి పడిన ఇద్దరు మనుషులు, అన్నిటి వెనకా ఒక్క నీటి బొట్టు. దాన్ని నేను పట్టిచ్చాను. పట్టిచ్చేదాకా కూర్చున్నది ఆమె.

తడి పీల్చే డ్రయ్యరు సీసా గుంటూరు నుంచి పదకొండింటికి వచ్చింది. ఆలోపు సైదమ్మ ఉన్న గ్యాసును ఖాళీ సిలిండరులోకి తీసింది. పాత సీసా విప్పి కొత్తది బిగించింది. నా పసుపు గొట్టాన్ని వాక్యూమ్ పంపుకు తగిలించి లోపలి గాలీ తడీ లాగడం మొదలుపెట్టింది. నా నీలం ముల్లు సున్నా కిందికి, అట్టడుగుకు దిగి కూర్చుంది. శూన్యంలో నీళ్ళు మామూలు వేడికే ఆవిరై పోతాయి. అయితే దానికి టైము పడుతుంది. మనుషులకు అక్కడే ఓపిక చచ్చిపోయేది.

గంట గడిచేసరికి కరెంటు పోయింది. పంపు చప్పుడు ఆగేలోపే ఆమె రెండు చేతులా నా ఒంటికి అటూ ఇటూ ఉన్న కుళాయిలు కట్టేసింది. క్షణం ఆలస్యమైతే పంపులోంచి గాలి వెనక్కి దూరి పనంతా మొదటికి వచ్చేది. ముప్పావు గంటకు కరెంటు వచ్చింది. మళ్ళీ పంపు. మూడు కావస్తుండగా పంపు ఆపి, కుళాయిలు కట్టి, నా ముందు కూర్చుంది.

"చాలు గదా సైదా," అన్నాడు దరియావలి. "రెండు గంటల పైనే లాగింది. నేనైతే ఎప్పుడూ ఇంతే లాగేవాణ్ణి. ఆయన పొద్దున్నే మాచర్ల పోవాల."

"ముల్లు లేచిందయ్యా."

"ఎంత?"

"వెంట్రుకవాసి."

వెంట్రుకవాసి సంగతి దరియావలికి కనిపించదు. ప్రభుదాసు వంగి చూశాడు, అతనికీ కనిపించలేదు. నేను మాత్రం ఆ వెంట్రుకవాసి కదిలాను. పంపు ఆగాక లోపల ఇంకా ఎక్కడో తడి ఆవిరవుతోంది, ఆ ఆవిరి నన్ను నెట్టింది. కనిపించలేదని వదిలేస్తే ఎవరూ ఆమెను తప్పు పట్టేవాళ్ళు కాదు. రేపు శిబిరం బహుశా బాగానే గడిచేది. వారానికో పది రోజులకో మళ్ళీ వేడిగాలి వచ్చేది.

"లేచి ఆగిందా? ఇంకా లేస్తోందా?" అని అడిగాడు దరియావలి చివరికి.

"ఆగింది. లీకైతే ఆగదు గదా. తడే. ఇంకా ఉంది."

"అయితే లాగు," అన్నాడు అతను. కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. అతని మొహం మీద ఒక నవ్వు మెల్లగా వచ్చింది. తన కంటే ఒక వెంట్రుకవాసి ఎక్కువ చూసే మేస్త్రి తన ఇంట్లోనే ఉందని తెలిసిన మనిషి నవ్వు అది.

ఇంకో రెండు గంటలు లాగింది. ఈసారి పంపు ఆపాక నేను రాయిలా నిలబడ్డాను. పావుగంట చూసింది, అరగంట చూసింది. అప్పుడు గ్యాసును తూకం వేసి, ఎంత పట్టాలో అంతే పట్టించింది. బాగా చీకటి పడేదాకా బస్సు ఇంజను ఆపకుండా నడిపించింది. ఇరవై ఏడో నిమిషం వచ్చింది, పోయింది. నా ముల్లు ముప్పై ఆరు మీదే ఉంది. ప్రభుదాసు గంటన్నరసేపు బస్సులో ఒక మంచం మీద కూర్చుని, దిగేటప్పుడు చేతులు రుద్దుకుంటూ దిగాడు.

మర్నాడు సైదమ్మ నన్ను సంచిలో పెట్టుకుని తనూ బస్సెక్కింది. రావాల్సిన పనిలేదని ప్రభుదాసు అన్నాడు. "చూడకుండా బాగైందని ఎట్టా చెప్పను?" అంది ఆమె. మాచర్లలో ఒక బడి ఆవరణలో బస్సు ఆపారు. తొమ్మిదింటికే ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆమె నన్ను తగిలించి, బస్సు నీడన స్టూలు వేసుకుని కూర్చుంది. జనం వరసగా వచ్చారు. సున్నపు బట్టీల పనివాళ్ళు, ఆటోవాళ్ళు, ఒక కొత్త పెళ్ళికొడుకు, ఇద్దరు టీచరమ్మలు. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, చేతికి దూది అంటించుకుని దిగేవాళ్ళు దిగుతున్నారు.

గంటకోసారి ఫోను మోగేది.

"నీలం ఎంత?" నరసరావుపేటలో మడతకుర్చీలోంచి దరియావలి.

"ముప్పై ఏడు."

"ఎర్రది?"

"రెండొందల ఇరవై. ఎండ ముదిరింది గదా."

"సరే." మళ్ళీ గంటకు మోగేది.

మధ్యాహ్నం రెండింటికి బస్సు మెట్ల మీద నుంచి డాక్టరమ్మ తొంగి చూసింది. తెల్లకోటు మీద శాలువా కప్పుకుని ఉంది.

"ఏసీ బాగుచేసింది మీరేనా అమ్మా? కొంచెం తగ్గిస్తారా? లోపల చలి పెడుతోంది. ఒకాయన దుప్పటి అడుగుతున్నాడు."

సైదమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. అది చెమటేనని నేను సాక్ష్యం చెప్పలేను. కొలిచే విద్య నాది, ఆ నీళ్ళను కొలవడం నాకు రాదు.

ఆ రోజు అరవై నాలుగు సంచులు నిండాయి. తరువాతి ఫోను మోగినప్పుడు ఆమె అంకెలు చెప్పలేదు. "చలి పెడుతోందంట," అంది.

అవతల నుంచి దరియావలి, "బోర్డు రాసే సుబ్బయ్యకు కబురు పెడుతున్నా," అన్నాడు. "పేరెట్టా రాయించమంటావు?"

"బోర్డెందుకిప్పుడు?"

"మేస్త్రి ఎక్కడని అడిగేవాళ్ళకు నేను చెప్పలేకపోతన్నా."

వాళ్ళు ఊరు చేరేసరికి షెడ్డు మీద తడి ఆరని అక్షరాలున్నాయి. నూర్‌బాషా సైదమ్మ, ఏసీ మేస్త్రి. ప్రభుదాసు బస్సు ఆపి దాన్ని పైకి చదివాడు. ఆ తరువాత ఆ జిల్లాలో తిరిగే ప్రతి డ్రైవరుకూ అతను ఆ పేరు చెప్పాడు. టీకొట్టు దగ్గర నవ్విన వాళ్ళలో ఒకడి కారు కూడా నా ముందుకు వచ్చింది. అతని ఏసీలో నిజంగానే గ్యాసు లేదు. ఆ మాట చెప్పడానికి కూడా సైదమ్మ ముప్పావు గంట కూర్చుంది.

ఆ తరువాత ఎనిమిదేళ్ళు నేను మేకు మీద తీరిగ్గా ఉన్న రోజు లేదు. అంబులెన్సులు, లారీలు, పెళ్ళిబృందాల బస్సులు, చీనీకాయలు మోసే చల్లబండ్లు. ఎన్నో అబద్ధపు రోగాల గుట్టు విప్పాం. అందులో ఎక్కువ భాగం పావలా చెయ్యని వైరు, మిగతా భాగం ఓపిక లేకపోవడం.

కాలం అందరినీ వంచినట్టే నన్నూ వంచింది. నా ఎర్ర ముల్లు గొట్టాలు విప్పినా సున్నాకు దిగడం మానేసింది. పదిహేను దగ్గర ఆగిపోయేది. సైదమ్మ అద్దం తీసి మర తిప్పి సరిచేసింది. నెలకు మళ్ళీ తప్పింది. రెండోసారి, మూడోసారి. నాలుగోసారి నన్ను బల్ల మీద పెట్టి చాలాసేపు చూసి, కొత్త సెట్టు తెప్పించింది.

వినుకొండ మేస్త్రి ఒకాయన నన్ను తనకిమ్మని అడిగాడు. "నాకిచ్చెయ్యక్కా, పదిహేను తీసేసి చదువుకుంటాలే."

"నువ్వు తీసేసి చదువుతావు తమ్ముడూ. నీ తరవాత పట్టుకునేవాడికి ఎవరు చెప్తారు?" అని ఇవ్వలేదు.

ఆ మాటకు మొదట నాకు కష్టం వేసింది. ఇన్నేళ్ళ సావాసంలో నన్ను అబద్ధాలకోరని అన్నది ఆమే. తరువాత ఆలోచించుకున్నాను. నేను చెప్పేది నిజమని ఇన్నాళ్ళు నమ్మింది కాబట్టే, అది నిజం కానప్పుడు ఒప్పుకోలేకపోయింది. నా జాతికి ఇంతకన్నా మర్యాద ఏముంటుంది?

ఊళ్ళో ఐటీఐ వాళ్ళు వారానికి రెండు రోజులు వచ్చి పాఠం చెప్పమని సైదమ్మను పిలిచారు. మొదటి రోజు ఆమె నన్ను వెంట తీసుకెళ్ళింది. క్లాసులో పదహారు మంది, అందులో ఆరుగురు ఆడపిల్లలు. వాళ్ళ ముందు బల్ల మీద నన్ను పెట్టి, అద్దాలు తీసి, ముఖాలు విప్పి లోపల ఏముందో చూపించింది. ఏముంది, ఒక వంకర ఇత్తడి గొట్టం. ఒత్తిడి తగిలితే కొంచెం సాగుతుంది, ఒత్తిడి పోతే మళ్ళీ వంగుతుంది. దాని చివర ఒక పళ్ళచక్రం, దానికి ముల్లు. ఇరవై ఐదేళ్ళకు పైగా నేను గుట్టుగా దాచుకున్నదంతా ఇంతే. పిల్లలు తలలు దగ్గర చేర్చి చూస్తుంటే నాకు సిగ్గు వేయలేదు.

"ఎర్రది తప్పు చూపిస్తది, దాన్ని నమ్మొద్దు. నీలంది ఇప్పటికీ నిక్కంగా ఉంది," అంది సైదమ్మ.

ముందు వరసలో కూర్చున్న చెంచులక్ష్మి అనే పిల్ల సందేహంగా చూసింది. "ఎంత చిన్నదైనా చూపిస్తదా మేడం?"

"నువ్వే చూడు." సైదమ్మ నా నీలం వైపుకు కొత్త గొట్టం ఒకటి బిగించి, కొస ఆ పిల్ల చేతికిచ్చింది. "నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీల్చు."

చెంచులక్ష్మి అటూ ఇటూ చూసింది. మిగతావాళ్ళు నవ్వారు. గొట్టం కొస పెదాల మధ్య పెట్టుకుని, కళ్ళు నా మీదే నిలిపి, గట్టిగా పీల్చింది.

ఇంజన్ల ఒత్తిడి కొలిచాను, పంపులు లాగిన శూన్యం కొలిచాను. ఒక ఆడపిల్ల ఊపిరి కొలవడం అదే మొదటిసారి. నా నీలం ముల్లు సున్నా నుంచి రెండు గీతలు కిందికి దిగి, ఆమె ఊపిరి బిగబట్టినంతసేపు అక్కడే నిలబడింది.

"రెండు," అన్నారు పిల్లలందరూ ఒక్కసారే.

రెండే. నేను సరిగ్గా చెప్పాను.